వైద్య పీజీ థీసిస్: శిక్షణలో పరిశోధన

ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి వైద్యుడూ మూడేళ్ల శిక్షణ ముగిసేలోగా ఒక పరిశోధన చేసి, దాన్ని గ్రంథంగా రాసి విశ్వవిద్యాలయానికి సమర్పించాలి. వైద్య కళాశాలల్లో అందరూ దీన్ని థీసిస్ అనే అంటారు. పరీక్షకులు దాన్ని ఆమోదిస్తేనే చివరి పరీక్షకు కూర్చోనిస్తారు. సదస్సుల్లో పత్రం చదవడం, పోస్టరు పెట్టడం, అరుదైన కేసు గురించి పత్రికకు రాయడం, వార్డులో చికిత్స ఎలా జరుగుతోందో తనిఖీ చేసే ఆడిట్ వంటివి కూడా పీజీ పరిశోధన కిందికే వస్తాయి. వాటికి నిబంధనల్లో చోటున్నా, జూనియర్ డాక్టరును మూడేళ్లూ వెంటాడేది థీసిసే.

ఉత్తరాంధ్రలో ఈ పనికి పాత కేంద్రం విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి కింగ్ జార్జ్ ఆసుపత్రి. జనం నోట అది కేజీహెచ్. శ్రీకాకుళం, విజయనగరం, అల్లూరి సీతారామరాజు, అనకాపల్లి జిల్లాల నుంచే కాక ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. చోడవరం దాటాక భీమిలి–నర్సీపట్నం రోడ్డు మీద, పెద్దేరు ఒడ్డున ఉన్న వడ్డాది అలాంటి ఊళ్లలో ఒకటి. పూర్వం ఒడ్డాది మత్స్యుల ఏలుబడికి పేరు పడిన ఈ ఊరు, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. థీసిస్‌కు కావలసిన రోగులూ, అడగవలసిన ప్రశ్నలూ ఇలాంటి ఊళ్ల నుంచే బయల్దేరతాయి. గ్రంథం మాత్రం అరవై కిలోమీటర్ల అవతల నగరంలో తయారవుతుంది. పీజీ పరిశోధనలో కనిపించే లోపాల్లో చాలావాటికి మూలం ఈ దూరమే.

పుట్టుక

ఆసుపత్రిలోనే ఉంటూ, పెద్ద డాక్టర్ల కింద ఏళ్ల తరబడి పనిచేసి ఒక శాఖలో నిపుణుడు కావడమనే పద్ధతి 1889లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో స్థిరపడింది. శస్త్రచికిత్సలో విలియం హాల్‌స్టెడ్, వైద్యంలో విలియం ఆస్లర్ దీనికి ఆద్యులు. రోగి మంచం పక్కన నేర్చుకోవడంతో పాటు ప్రయోగశాలలో ప్రశ్నలు వేసుకోవడమూ శిక్షణలో భాగమేనన్న భావన అక్కడి నుంచి బలపడింది.

తెలుగు నేల మీద వైద్య విద్యార్థులు పరిశోధనను దగ్గరగా చూడడం అంతకు ఒక ఏడాది ముందే మొదలైంది. 1846లో ఏర్పడిన హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ, మత్తుమందు క్లోరోఫాం ప్రాణం తీసేది గుండెను ఆపా, శ్వాసను ఆపా అన్న వివాదం తేల్చడానికి 1888లో ఒక కమిషన్ వేయించాడు. నిజాం ప్రభుత్వం ఖర్చు భరించింది. దాని ఫలితాన్ని నమ్మని లండన్ పత్రిక లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చి 1889లో రెండో కమిషన్‌లో పాల్గొన్నాడు. గుండెకు ప్రమాదం లేదన్న లారీ నిర్ధారణ తరవాతి కాలంలో నిలబడలేదు. అయినా హైదరాబాదులో జరిగిన ప్రయోగం గురించి లండన్ వాదించుకోవలసి రావడం చిన్న సంగతి కాదు.

విశాఖలో వైద్య కళాశాల 1923లో వైజాగపటం మెడికల్ కాలేజీగా మొదలైంది. 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అయింది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక రాష్ట్రంలోని వైద్య డిగ్రీలన్నీ దాని కిందికి వచ్చాయి. ఆ విశ్వవిద్యాలయం 1998లో ఎన్టీఆర్ పేరు, 2022లో వైఎస్ఆర్ పేరు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు పెట్టుకుంది కాబట్టి ఒకే అల్మారాలోని థీసిస్ అట్టల మీద విశ్వవిద్యాలయం పేర్లు వేర్వేరుగా కనిపిస్తాయి. తెలంగాణలో ఈ బాధ్యత వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. హైదరాబాదులోని నిమ్స్, మంగళగిరి, బీబీనగర్‌లలోని ఎయిమ్స్ తమ డిగ్రీలు తామే ఇస్తాయి. ఎండీ, ఎంఎస్‌లకు సమానమైన డీఎన్‌బీ చేసేవారి థీసిస్‌లు ఢిల్లీలోని నేషనల్ బోర్డుకు వెళ్తాయి.

నిబంధనలు

భారత వైద్య మండలి 2000లో తెచ్చిన పీజీ నిబంధనలు చాలాకాలం ఈ వ్యవస్థకు చట్రంగా ఉన్నాయి. వాటి ప్రకారం థీసిస్‌ను చివరి పరీక్షకు కనీసం ఆరు నెలల ముందు ఇవ్వాలి. ఒక అంతర్గత పరీక్షకుడు, ఇద్దరు బయటి పరీక్షకులు దాన్ని చూస్తారు. ఇద్దరు ఒప్పుకుంటే చాలు. తరవాత వచ్చిన ఒక సవరణ పీజీలందరూ ఒక పోస్టరు పెట్టాలని, ఒక పత్రం చదవాలని, ఒక వ్యాసాన్ని పత్రికలో అచ్చు వేయించడమో కనీసం పంపడమో చేయాలని చెప్పింది. ‘పంపినా చాలు’ అన్న వెసులుబాటును పీజీలు నిండుగా వాడుకున్నారు. పత్రిక తిరస్కరించినా, పంపినట్టు ఈమెయిల్ రసీదు ఉంటే పరీక్షకు అర్హత వచ్చేది.

2020 సెప్టెంబరు 25న వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. అది 2023 డిసెంబరులో కొత్త పీజీ నిబంధనలు ప్రకటించింది. పరిశోధన పద్ధతుల మీద ఆన్‌లైన్ కోర్సు, నైతిక నియమాల మీద మరో కోర్సు మొదటి ఏడాదే పూర్తి చేయడం ఇప్పుడు తప్పనిసరి. పరిశోధన పద్ధతుల కోర్సును చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నడుపుతుంది. మంచి కోర్సే. కానీ పీజీ ఆ పాఠాలు వినే వేళకు అతని థీసిస్ టాపిక్ చాలా కళాశాలల్లో ఖరారై పోయి ఉంటుంది. నమూనా పరిమాణం అంటే ఏమిటో తెలుసుకునేలోపు నమూనా పరిమాణాన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టేసి ఉంటాడు.

టాపిక్

చేరిన కొన్ని నెలలకే గైడ్‌ను కేటాయిస్తారు. గైడ్ సాధారణంగా ఆ విభాగంలోని ప్రొఫెసరు లేదా అసోసియేట్ ప్రొఫెసరు. వేరే విభాగం సాయం కావాలంటే కో-గైడ్ కూడా ఉంటారు. ఆ తరవాత టాపిక్ కోసం వెతుకులాట మొదలవుతుంది. ఫస్టియర్ పీజీ ఈ వెతుకులాట ఖాళీ సమయంలో చేయడు. పీజీల వంటి రెసిడెంట్ డాక్టర్లకు వరసగా పన్నెండు గంటలకు, వారానికి 48 గంటలకు మించి పని ఉండకూడదని కేంద్రం 1992లో తెచ్చిన రెసిడెన్సీ పథకం చెప్పింది. కాజువాలిటీ డ్యూటీ చేసిన ఏ పీజీనైనా ఆ సంఖ్యల గురించి అడిగితే నవ్వి ఊరుకుంటాడు. అందుకే సులువైన దారి సీనియర్ల పాత థీసిస్. ఊరి పేరు, సంవత్సరం, రోగుల సంఖ్య మార్చి అదే ప్రశ్నను మళ్లీ అడుగుతారు. కేజీహెచ్ వంటి ఆసుపత్రిలో ఏ జబ్బు పేరు చెప్పినా రోగులు దొరుకుతారు కాబట్టి, ‘మూడో స్థాయి ఆసుపత్రిలో ఫలానా జబ్బు తీరుతెన్నులు’ అనే శీర్షిక ఎప్పుడూ అక్కరకొస్తుంది.

పాత ప్రశ్నను మళ్లీ అడగడం దానంతట అది తప్పేమీ కాదు. పాముకాటు రోగులు ఎన్ని గంటలకు ఆసుపత్రి చేరుతున్నారన్నది పదేళ్లకోసారి కొలవదగిన విషయమే; 108 అంబులెన్సులు వచ్చాక ఆ సంఖ్య మారిందా అన్నది ఎవరైనా తెలుసుకోవలసిందే. తప్పు ఎక్కడంటే, పాత సంఖ్యతో పోల్చకుండా కొత్త సంఖ్యను ఒంటరిగా రాసి వదిలేయడంలో.

తెలుగు ప్రాంతాల వైద్య పరిశోధనలో కలకాలం నిలిచినవి చాలావరకు స్థానిక ప్రశ్నలే. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి, అది తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్లేనని రాశారు. 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. 1960లో గోపాలన్, శ్రీకాంతియా జొన్నలు ముఖ్యాహారమైన చోట పెలాగ్రా ఎందుకొస్తోందో లూసిన్ అనే అమైనో ఆమ్లంతో ముడిపెట్టి చూపారు. వీటిలో ఏదీ పీజీ థీసిస్ కాదు. అయినా అన్నింటికీ తొలి మెట్టు పీజీకి కూడా అందేదే: ఈ జబ్బు ఈ ఊళ్లోనే ఎందుకు ఎక్కువ?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఈ కాలపు ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేని రైతులకూ కూలీలకూ కిడ్నీలు దెబ్బతినడం గురించి విశాఖ వైద్యులు ముందుగా గమనించారు. ఆ రోగులు డయాలిసిస్ కోసం చేరిందీ ఈ నగరానికే. తరవాత విదేశీ విశ్వవిద్యాలయాలు, జార్జ్ ఇన్‌స్టిట్యూట్, భారత వైద్య పరిశోధన మండలి రంగంలోకి దిగాయి. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం ఇప్పటికీ తేలలేదు.

ఎంతమంది రోగులు?

థీసిస్‌లో మొదట ఎదురయ్యే లెక్క నమూనా పరిమాణం. ఒక లక్షణం ఎంతమందిలో ఉందో తెలుసుకోవాలంటే పీజీలు వాడే సూత్రం చిన్నది: 1.96 వర్గాన్ని, ఆ లక్షణం ఉంటుందని ముందుగా అంచనా వేసిన నిష్పత్తితోనూ, లేని నిష్పత్తితోనూ గుణించి, ఒప్పుకోదగిన పొరపాటు వర్గంతో భాగించాలి. పాముకాటు రోగుల్లో 30 శాతం మందికి కిడ్నీ దెబ్బతింటుందని అనుకుందాం. ఫలితం అటూ ఇటూ 5 శాతంలోపు ఉండాలంటే 323 మంది రోగులు కావాలి. పొరపాటును 10 శాతానికి పెంచితే 81 మంది చాలు. నిష్పత్తి ఏమీ తెలియక సగానికి సగం అనుకుని, 10 శాతం పొరపాటుకు ఒప్పుకుంటే 96 వస్తుంది. దాన్ని 100 చేసుకుంటారు. తెలుగు రాష్ట్రాల థీసిస్‌లలో రోగుల సంఖ్య ఇంత తరచుగా నూరు ఎందుకవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పద్దెనిమిది నెలల్లో ఒక యూనిట్‌కు వచ్చే కేసులు ఎన్నో ముందే తెలుసు కాబట్టి, కొందరు ఆ సంఖ్య వచ్చేదాకా పొరపాటును సర్దుతారు. సూత్రం తలకిందులుగా నడుస్తుంది. పరీక్షకులకు ఇది తెలియక కాదు, వాళ్లూ ఒకప్పుడు అలాగే చేశారు.

రెండు చికిత్సలను పోల్చే అధ్యయనంలో చిక్కు ఇంకా పెద్దది. ఒక్కో వర్గంలో 30 మందితో రెండు మందుల మధ్య చిన్న తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అలాంటి అధ్యయనం ‘తేడా లేదు’ అని ముగిస్తే, తేడా లేదని తేలినట్టు కాదు. తేడాను చూసేంత శక్తి ఆ నమూనాకు లేదని మాత్రమే. ఒంటరి పీజీకి బాగా కుదిరేది నిజాయితీగా చేసిన వర్ణనాత్మక అధ్యయనం. దాన్ని తక్కువగా చూసి, పేరు గొప్పగా ఉంటుందని బలవంతంగా ట్రయల్ చేయించడం వల్ల రోగికీ ఉపయోగం లేదు, శాస్త్రానికీ లేదు.

ఎథిక్స్ కమిటీ, అంగీకారం

టాపిక్ వివరాలు, ఉద్దేశాలు, పద్ధతి రాసిన సినాప్సిస్ కళాశాల ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్తుంది. వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురుండాలి. అధ్యక్షుడు ఆ సంస్థకు చెందనివాడై ఉండాలి. వైద్యులతో పాటు న్యాయం తెలిసినవారు, సమాజ శాస్త్రం తెలిసినవారు, మామూలు పౌరుడు ఒకరు కావాలి. ఇలాంటి పరిశోధనలు చూసే కమిటీలు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెప్పాయి. థీసిస్‌లో చికిత్స ప్రయోగం ఉంటే 2007 జులైలో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో పేరు నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదటి రోగిని చేర్చుకోకముందే ఆ నమోదు జరగాలి. తరవాత చేస్తామంటే కుదరదు.

రోగి వైపు నుంచి చూస్తే నైతిక నియమాలన్నీ ఒక కాగితంలో ఉంటాయి. అది తెలుగులో రాసిన అంగీకార పత్రం. అందులో పరిశోధన ఎందుకు, ఏం చేస్తారు, రక్తం అదనంగా ఎంత తీస్తారు, నష్టం ఏమైనా ఉందా, మధ్యలో మానుకుంటే వైద్యం ఆగిపోతుందా అన్నవి ఉండాలి. చదవడం రాని మనిషికైతే పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, సాక్షి సంతకం పెట్టించాలి. రద్దీ వార్డులో ఇది జరిగే తీరు వేరు. వడ్డాది నుంచి వచ్చిన చెరకు రైతు మంచం మీద ఉంటాడు. భార్యో కొడుకో మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్లి ఉంటారు. వైద్యం చేస్తున్న డాక్టరే వచ్చి ‘ఇక్కడ సంతకం పెట్టు పెద్దాయనా’ అంటే, ఆ కాగితం ఆపరేషన్‌కో, రక్తానికో, పరిశోధనకో అతను అడగడు. ‘మీరెలా అంటే అలాగే బాబూ’ అంటాడు. చికిత్స చేసేవారూ పరిశోధన చేసేవారూ ఒక్కరే కావడం పీజీ పరిశోధనకు పుట్టుకతో వచ్చిన చిక్కు. అంగీకారం మరొకరి చేత అడిగిస్తే ఇది కొంత తగ్గుతుంది. అయితే ఆ మరొకరు కూడా నిద్రలేని పీజీయే అయి ఉంటాడు.

రోగి తిరిగి రావడం

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ సమాచారం సేకరించడం తేలికే. ప్రొఫార్మా అనే ముద్రిత పత్రంలో పేరు, వయసు, ఊరు, వృత్తి, లక్షణాలు, పరీక్షల ఫలితాలు నింపుతారు. మూడు నెలలకు, ఆరు నెలలకు రోగిని మళ్లీ చూడవలసిన అధ్యయనాల్లోనే కష్టమంతా. వడ్డాది నుంచి కేజీహెచ్ ఓపీకి రావాలంటే బస్సులో చోడవరం, అక్కడి నుంచి అనకాపల్లి, అక్కడి నుంచి విశాఖ. తెల్లవారకముందే బయల్దేరితే గానీ ఓపీ చీటీల వేళకు అందుకోలేరు. ఒక రోజు కూలీ పోతుంది. తోడు వచ్చినవారి కూలీ కూడా పోతుంది. చెరకు నరుకుడు రోజుల్లో ఎవరూ ఖాళీగా ఉండరు. నొప్పి తగ్గిన మనిషి, డాక్టరు గారి పుస్తకం కోసం ఇంత దూరం రాడు. రావలసిన అవసరం కూడా అతనికి లేదు.

పరిశోధనలో పాల్గొన్నందుకు ప్రయాణ ఖర్చు, పోయిన కూలీ ఇవ్వవచ్చని 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి. థీసిస్‌కు మాత్రం సాధారణంగా బడ్జెట్ ఉండదు. మామూలు వైద్యంలో లేని పరీక్ష చేయించాల్సివస్తే ఖర్చు రోగి మీద వేయకూడదు కాబట్టి, కొందరు పీజీలు కిట్లు స్టైపెండ్ డబ్బుతో కొంటారు.

ఇలా మధ్యలో జారిపోయిన రోగులు సంఖ్యను తగ్గించడంతో ఆగరు, ఫలితాన్నే వంకర చేస్తారు. బాగున్నవాళ్లు ఇంటి దగ్గర ఉండిపోయి, బాధ తగ్గనివాళ్లే తిరిగొస్తే ఆ చికిత్స ఉన్నదానికంటే చెడ్డదిగా కనిపిస్తుంది. చనిపోయినవాళ్లు లెక్కలో లేకుండా పోతే ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. ఫోన్ చేసి కనుక్కోవడం ఇప్పుడు మామూలైంది. చాలామంది రోగులు ఇచ్చే నంబరు పక్కింటివారిదో, ఊళ్లో చదువుకున్న కుర్రాడిదో కావడం వల్ల రెండు మూడు నంబర్లు రాసుకోవడం తెలివైన పని.

అసలు ఆసుపత్రికి వచ్చినవారితో మొత్తం ఊరిని అంచనా వేయడమే ప్రమాదం. పాము కరిచినవారిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో సామాజిక ఆరోగ్య కేంద్రంలోనో మందు పడి కోలుకున్నవారు, నాటువైద్యుడి దగ్గరే ఉండిపోయినవారు, దారిలో ప్రాణం పోయినవారు కేజీహెచ్ మెడిసిన్ వార్డు రిజిస్టరులో ఉండరు. అక్కడికి చేరేది ముదిరిన కేసులే. ఆసుపత్రి నమూనాల్లో దాగి ఉండే ఇలాంటి వక్రతను అమెరికన్ గణాంక శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బెర్క్‌సన్ 1946లోనే ఎత్తి చూపాడు. థీసిస్ చివరి పుటల్లో ‘పరిమితులు’ అన్న శీర్షిక కింద దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు.

లెక్కలు, రాత, బైండింగ్

సమాచారమంతా మాస్టర్ చార్టులో వరసలుగా ఎక్కిస్తారు; ఒక్కో వరస ఒక్కో రోగి. తరవాత పట్టికలు, పై చార్టులు, నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా కనిపించే అవకాశాన్ని చూపే పీ విలువలు. ఆ విలువ 0.05 కంటే తక్కువైతే ‘గణనీయం’ అని రాయడం ఆచారం. ముప్పై లక్షణాలను ముప్పై పరీక్షలతో చూస్తే, నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా సగటున ఒకటి రెండు ఈ గీత దాటతాయన్న సంగతి చాలా థీసిస్‌లలో ఎవరూ ప్రస్తావించరు. కమ్యూనిటీ మెడిసిన్ విభాగం సాయం చేసే చోట ఈ పని పద్ధతిగా జరుగుతుంది. లేనిచోట డబ్బు తీసుకుని లెక్కలు చేసిపెట్టేవారు, ఇంకొంచెం ఇస్తే అధ్యాయాలకు అధ్యాయాలే రాసిచ్చేవారు వైద్య కళాశాలలున్న ప్రతి నగరంలోనూ ఉంటారు. లెక్కకు సాయం తీసుకోవడం తప్పు కాదు, కృతజ్ఞతల్లో పేరు రాస్తే సరి. రాతను కొనుక్కోవడం మోసం.

కాపీని అరికట్టడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 40 దాకా ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే నమోదే రద్దు. ఆరోగ్య విశ్వవిద్యాలయాలు కూడా సాఫ్ట్‌వేర్ తనిఖీ ధ్రువపత్రం అడుగుతున్నాయి. సాఫ్ట్‌వేర్ పట్టేది మాటల పోలికనే. వార్డులో చూడని రోగిని మాస్టర్ చార్టులో పుట్టిస్తే అది పట్టదు. దాన్ని పట్టగలిగేది కేస్ షీటు నంబరుతో సహా ప్రొఫార్మాలు తిరగేసే గైడ్ ఒక్కరే.

చివరి అంకం డీటీపీ సెంటర్లో. గట్టి అట్ట, బంగారు రంగు అక్షరాలు, ముందు పుటల్లో గైడ్, విభాగాధిపతి, ప్రిన్సిపాల్ ధ్రువపత్రాలు. గడువుకు ముందువారం ఆ సంతకాల కోసం పీజీలు కారిడార్లలో ఎదురుచూస్తూ కనిపిస్తారు.

థీసిస్ కాక

అరుదైన కేసు గురించి రాయడం పీజీకి పరిశోధనలో మొదటి అడుగుగా బాగా పనికొస్తుంది. ఒక్క రోగి, ఒక్క వింత, పాత సాహిత్యంతో పోలిక. రాత నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి అభ్యాసం లేదు. రోగి ముఖం, ఊరు గుర్తుపట్టేలా ఉండకూడదు. చిన్న ఊరి పేరూ, వృత్తీ, వయసూ కలిపి రాస్తే వడ్డాది వంటి చోట అతనెవరో ఇట్టే తెలిసిపోతుంది.

ఆడిట్ మన దగ్గర తక్కువ, బ్రిటన్ శిక్షణలో ఎక్కువ. అక్కడికి వెళ్లిన తెలుగు డాక్టర్లు ముందు నేర్చుకునేది ఇదే. ఒక ప్రమాణం తీసుకుంటారు: ఉదాహరణకు కోత పెట్టడానికి ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వడం. తమ వార్డులో ఎంత శాతం అలా జరుగుతోందో కొలుస్తారు. లోపం సరిచేసి మళ్లీ కొలుస్తారు. ఇందులో కొత్త జ్ఞానం పుట్టదు, కానీ రోగికి వెంటనే మేలు జరుగుతుంది. మూడు నెలల్లో పూర్తవుతుంది కూడా.

అమెరికాలో ప్రతి రెసిడెంటూ మన థీసిస్ వంటి గ్రంథం రాయనక్కర్లేదు. శిక్షణను గుర్తించే సంస్థ ఏసీజీఎంఈ అడిగేది ‘పాండిత్య కృషి’ మాత్రమే. క్వాలిటీ ప్రాజెక్టు అయినా, పోస్టరైనా, వ్యాసమైనా సరే. అక్కడ ఒత్తిడి రెసిడెన్సీలోకి రాకముందే ఉంటుంది. అక్కడి వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ మొదటి మెట్టు 2022 జనవరి నుంచి మార్కులు లేకుండా పాస్, ఫెయిల్‌గా మారాక, దరఖాస్తులో చూపే ప్రచురణలకు విలువ పెరిగింది. ఆంధ్ర, తెలంగాణ కళాశాలల నుంచి వెళ్లే యువ వైద్యులు సీటు కోసం ఒకటి రెండేళ్లు అక్కడి ల్యాబుల్లో, చాలాసార్లు జీతం లేకుండా, పరిశోధన సహాయకులుగా పనిచేయడం ఇప్పుడు మామూలే.

అచ్చు

ఢిల్లీలోని ఒక వైద్య కళాశాల థీసిస్‌లను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సూచికల్లో ఉన్న పత్రికలకు చేరినవి సుమారు 30 శాతం. దేశం మొత్తం మీద చూస్తే చిత్రం ఇంకా పలచన. 2005–2014 మధ్య 579 వైద్య సంస్థల ప్రచురణలను లెక్కించిన రే, షా, నండీ 2016లో తేల్చిన దాని ప్రకారం 332 సంస్థల నుంచి ఒక్క వ్యాసమూ రాలేదు. 25 సంస్థలే 40 శాతానికి పైగా వ్యాసాలు ఇచ్చాయి. ఆ 332లో పీజీ కోర్సులున్నచోట థీసిస్‌లు మాత్రం ఏటా తయారవుతూనే ఉన్నాయన్నమాట.

అధ్యాపకులకు పదోన్నతి కావాలంటే ప్రచురణలు చూపాలన్న నియమం వల్ల మరో తంతు మొదలైంది. డబ్బు కడితే వారంలో అచ్చు వేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. పీజీ చేసిన పనికి పేర్ల వరసలో పీజీ వెనక్కి జరగడమూ కనిపిస్తుంది. అంతర్జాతీయ వైద్య సంపాదకుల ప్రమాణం ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే పనిలోనూ, రాతలోనూ, తుది ఆమోదంలోనూ, జవాబుదారీలోనూ పాలు ఉండాలి. విభాగాధిపతి పదవిలో ఉండడం అందులో లేదు.

జిల్లా రెసిడెన్సీ

2020 సెప్టెంబరులో ప్రకటించి, 2021 బ్యాచి నుంచి అమలు చేసిన జిల్లా రెసిడెన్సీ పథకం కింద పీజీలు మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రిలో పనిచేయాలి. థీసిస్ సమాచారం సేకరిస్తున్న నడిమధ్యలో ఇది రావడం పీజీలకు చిరాకు. వార్డులో తన రోగుల్ని స్నేహితుడికి అప్పగించి వెళ్లాలి. అయినా ఇది పరిశోధనకు కొత్త తలుపు. అనకాపల్లి జిల్లా ఆసుపత్రిలో కూర్చున్న పీజీకి చోడవరం, మాడుగుల, వడ్డాది రోగులు కేజీహెచ్ వడపోతకు ముందే కనిపిస్తారు. పాము కరిచిన ఎన్ని గంటలకు వచ్చారు, ముందు ఎక్కడికి వెళ్లారు, ఎవరు ఎక్కడికి పంపారు అన్నవి అక్కడే తాజాగా తెలుస్తాయి. మూడు నెలలకు సరిపోయే చిన్న ప్రశ్నను ముందే ఎథిక్స్ కమిటీ చేత ఒప్పించుకుని వెళ్లినవారికే ఇది ఉపయోగం. నిబంధనల్లో దీన్ని థీసిస్‌తో ముడిపెట్టలేదు.

గ్రంథాల తరవాతి గతి

పరీక్ష అయ్యాక థీసిస్ ప్రతులు విభాగం అల్మారాలో, కళాశాల గ్రంథాలయంలో, విశ్వవిద్యాలయంలో ఉంటాయి. చెన్నైలోని ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం తన థీసిస్‌లను ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. తెలుగు పీజీలు కూడా సినాప్సిస్ రాసేటప్పుడు వాటినే తిరగేస్తారు. అల్మారాలో ఉన్నవాటిని చదివేది వచ్చే ఏడాది ఫస్టియర్లే. వాటి చివర మడతపెట్టి అంటించిన మాస్టర్ చార్టుల్లో దశాబ్దాల ఉత్తరాంధ్ర జబ్బుల లెక్క ఉంది. కానీ ఒక్కో పీజీ తన ప్రొఫార్మా తానే తయారుచేసుకున్నాడు. ఒకరు కాటుకూ ఆసుపత్రికీ మధ్య కాలాన్ని గంటల్లో రాస్తే, మరొకరు ‘ఆరు గంటల్లోపు, ఆ తరవాత’ అని రెండు గళ్లలో రాశారు. ఒకరు ఊరి పేరు రాశారు, మరొకరు పల్లె, పట్నం అని వదిలేశారు. అందుకే ఒకే వార్డులో పదేళ్ల తేడాతో వచ్చిన రెండు పాముకాటు థీసిస్‌లను కలిపి లెక్కించడం సాధారణంగా వీలుపడదు.